తోటికోడలితో మాటల్లేవు, బల్లకు రావచ్చా?

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె. మాది బాప్టిస్టు సంఘం. అత్తగారు పోయాక ఆమె మూడు తులాల గొలుసు విషయంలో నాకూ మా పెద్ద తోటికోడలికీ గొడవైంది. అప్పటి నుంచి మాటల్లేవు. ఆమెతో పగ పెట్టుకుని తింటే శిక్ష తగులుతుందని, ప్రతి నెలా బల్ల ఆదివారం, అంటే ప్రభు భోజనమని రొట్టె, రసం పంచే రోజు, రొట్టె పళ్లెం నా దగ్గరకొస్తే పక్కవాళ్లకి అందించేస్తున్నాను. ఈమధ్య మా అబ్బాయికి జ్వరం తగ్గి తగ్గి మళ్లీ వస్తోంది. అయోగ్యంగా తీసుకుంటే రోగాలొస్తాయని పాస్టరుగారు చెప్పింది గుర్తొచ్చి నిద్ర పట్టడం లేదు. నేను తీసుకోకపోయినా నా మనసులో పగ ఉంది కదా, అది వాడికి తగిలిందా?

జవాబు: ముందు బాబుని డాక్టరుకి చూపించి రక్తపరీక్ష చేయించమ్మా. ఆ జ్వరానికీ గొలుసుకీ సంబంధం లేదు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి, ఈ పాపం వీడిదా, వీడి కన్నవాళ్లదా అని శిష్యులు అడిగితే ఇద్దరిదీ కాదని యేసు చెప్పిన సంగతి యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో ఉంది. ఇంటికెళ్లి చదువుకో.

ఇక నిన్ను భయపెడుతున్న మాట. అది కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదకొండో అధ్యాయంలోది. చాలామంది ఆ ఒక్క వచనమే పట్టుకుంటారు గానీ, ఆ పత్రిక రాసిన పౌలుకి కోపం ఎందుకొచ్చిందో పైన ఉంది. ఆ రోజుల్లో ప్రభు భోజనమంటే చిన్న రొట్టెముక్క, గుక్కెడు రసం కాదు. ఇళ్లల్లో కూడి నిజంగానే భోంచేసేవారు. ఉన్నవాళ్లు ముందే కూర్చుని తిని తాగి మత్తెక్కేవారు, లేనివాళ్లు ఆకలితో మిగిలిపోయేవారు. ఒకే సంఘంలో ఉంటూ పేదవాళ్లని అలా సిగ్గుపరిచారనే ఆయన మండిపడ్డాడు. అందుకే ఆ భాగం చివర్లో, భోజనానికి కూడినప్పుడు ఒకరి కోసం ఒకరు ఆగండి అంటాడు. తన్ను తాను పరీక్షించుకోమన్నాడు, నిజమే. కానీ పరీక్షించుకుని తినమన్నాడు, మానేయమనలేదు.

యేసు శిష్యులకి రొట్టె విరిచిచ్చిన ఆ మొదటి రాత్రి బల్ల దగ్గర కూర్చున్నది ఎవరు? తెల్లారేలోపు యేసుని నేనెరగనని మూడుసార్లు బొంకబోయే శిష్యుడు పేతురు. యేసుని శత్రువులకి అప్పగించబోయేవాడి చెయ్యి కూడా ఆ బల్ల మీదే ఉందని లూకా రాశాడు. మనసు పూర్తిగా శుభ్రమైతేనే రావాలంటే ఆ రాత్రి యేసు ఒక్కడే తినాల్సి వచ్చేది.

ఒక మాటంటాను, నొచ్చుకోకు. నువ్వు మానేసింది భయంతోనే అంటున్నావు. అందులో కొంత అలక కూడా లేదూ? నేను తీసుకోవడం లేదంటే దానికి కారణం ఆమేనని సంఘానికి తెలియాలని? మనవైపు బల్ల ఆదివారం ఎవరు తీసుకున్నారు, ఎవరు తీసుకోలేదు అని లెక్క చూసే కళ్లకి కొదవ లేదు. ఆ బల్లని అలగడానికి వాడుకోకు.

కానుక తెచ్చినప్పుడు నీ సహోదరుడికి నీమీద ఏదైనా ఉందని గుర్తొస్తే, దాన్ని అక్కడే విడిచి ముందు వెళ్లి సమాధానపడమని మత్తయి అయిదో అధ్యాయంలో ఉంది కదా అంటావేమో. ఉంది. అయితే వెళ్లమనే ఉంది, ఇంట్లో కూర్చుని నెలలు లెక్కపెట్టమని లేదు. వచ్చే బల్ల ఆదివారం లోపు ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లు. పెద్ద మాటలేం అక్కర్లేదు. “అప్పా, మాటలు మానేసింది నాకూ బాగోలేదు” అంటే చాలు. ఆమె ముఖం తిప్పుకుంటే తిప్పుకోనీ. మీ చేతనైనంత మట్టుకు సమాధానంగా ఉండమన్నాడు పౌలు, ఆమె చేతనైనది నీ లెక్కలోకి రాదు. తలుపు తీయకపోయినా ఆ ఆదివారం రొట్టె తీసుకో. ఈలోగా పాస్టరుగారితోనూ ఒకసారి మాట్లాడు. ఆయన ఆ ప్రసంగం నీ గురించి చేశాడనుకుంటూ ఇన్నాళ్లూ లోలోపల టెన్షన్ పడటం దేనికి?

ఆ సాయంత్రం మాత్రం గొలుసు మాట ఎత్తకు. అత్తగారు వీలునామా రాయకపోతే, క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం మూడో వంతు మామగారిది, మిగతా రెండు వంతులు ఆమె పిల్లలందరికీ సమానం, ఆడపిల్లలతో సహా. కోడళ్లకి నేరుగా వాటా లేదు. అంటే ఇన్నాళ్లూ మీ ఇద్దరూ మీది కాని దానికోసం కొట్టుకున్నారు. మామగారినీ, అన్నదమ్ముల్నీ, ఆడపడుచులుంటే వాళ్లనీ కూర్చోబెట్టి తేల్చుకోమను. తూకం వేయించాల్సింది వాళ్లు.