డాక్టర్ సలహా: పిక్క వాపు సంగతి చివర్లోనా రాసేది?

ప్రశ్న: నా వయసు 24. పుట్టుకతో అబ్బాయిని. ఊహ తెలిసినప్పటి నుంచీ లోపల నేను అమ్మాయిననే అనిపిస్తుంది. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆన్‌లైన్‌లో పరిచయమైన ఒకరు చెబితే ఏడు నెలలుగా గర్భనిరోధక మాత్రలు రోజుకు రెండు చొప్పున వేసుకుంటున్నా, వాటితో పాటు మగ హార్మోన్‌ను అడ్డుకునే స్పైరోనోలాక్టోన్ కూడా. ఛాతీ కాస్త పెరిగింది కానీ గొంతు మారలేదు. డోసు పెంచాలా? నాకు అబ్బాయిల మీద ఆకర్షణ లేదు, అమ్మాయిలే నచ్చుతారు. అంటే నేను నిజమైన ట్రాన్స్‌జెండర్‌ని కానట్టా? అక్కల మధ్య పెరగడం వల్ల ఇలా అయ్యానా? ఇది మానసిక జబ్బా, కౌన్సెలింగ్‌తో పోతుందా? ఒక్కోసారి బతుకు మీదే విసుగొస్తోంది. రోజుకు ఐదారు సిగరెట్లు కాలుస్తాను. పది రోజులుగా ఎడమ పిక్క వాచి నొప్పి పెడుతోంది, బామ్ రాసి మర్దన చేసుకుంటున్నా. దానికి కూడా ఏదైనా మాత్ర చెప్పండి.

జవాబు: పెద్ద ప్రశ్నలే అడిగారు. అవన్నీ కాసేపు ఆగుతాయి, మీ పిక్క మాత్రం ఆగదు. ఈ జవాబు పేజీలోకి ఎక్కేసరికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి, ఈ మొదటి రెండు పేరాలు మీకు వెంటనే మెయిల్ చేయమని డెస్క్ వాళ్లకు చెప్పాను. ఒక్క కాలే వాచడం, పది రోజులైనా తగ్గకపోవడం, ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఉన్న మాత్రలు రెట్టింపు డోసులో వాడుతుండటం, పైన సిగరెట్లు. ఈ నాలుగూ కలిస్తే ఏ డాక్టరైనా మొదట అనుమానించేది కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని. దీన్నే డీప్ వీన్ థ్రాంబోసిస్ అంటాం. అదేనని మెయిల్ చదివి తేల్చలేను. కండరం పట్టేసి ఉండొచ్చు, ఇంకేదైనా కావచ్చు. కానీ కాదని తేలేదాకా అదే అనుకుని నడుచుకోవాలి. ఈ రోజే ఆసుపత్రికి వెళ్లి సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూపే డాప్లర్ స్కాన్ చేయించుకోండి. మర్దన ఈ క్షణమే ఆపేయండి. గడ్డ ఉంటే అది కదిలి ఊపిరితిత్తుల్లోకి చేరొచ్చు. ఆయాసం, గట్టిగా గాలి పీలిస్తే ఛాతీలో పోటు, దగ్గితే రక్తం, కళ్లు తిరిగి పడిపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా స్కాన్ సంగతి తర్వాత, నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లాలి.

డాక్టర్ చూసేదాకా ఆ మాత్రలు రెండు రకాలూ వేసుకోవద్దు. నొప్పికి మాత్ర చెప్పమన్నారు, చెప్పను. ఆస్ప్రిన్ వేసుకుంటే రక్తం పలచబడుతుందని ఎవరైనా సలహా ఇస్తే అదీ వినొద్దు. మిమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని పరీక్షించే డాక్టర్ చెప్పిందే ఫైనల్, నేను రాసింది కాదు.

ఇంకో మాట. అక్కడికెళ్లి ఏం వాడుతున్నారో దాచకండి. ఆ టేబుల్‌కి ఇవతల కూర్చున్నవాడిగా చెబుతున్నాను. 24 ఏళ్ల కుర్రాడు కాలు నొప్పి అంటూ వస్తే నేనైనా ముందు బెణుకే అనుకుంటాను, ఆటలాడారా అని అడుగుతాను. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నారా అని అడగాలని ఎవరికి తోస్తుంది? ఆ ఒక్క ముక్క చెబితే మా ఆలోచన మొత్తం అటు తిరుగుతుంది. నా దగ్గరకే ఒకరు ఇలా దాచిపెట్టి వచ్చారు. రెండోసారి వచ్చినప్పుడు సంచిలోంచి మాత్రల షీటు జారి కింద పడబట్టి తెలిసింది. తిట్టానంటే తిట్టాను, దాచినందుకే, వేషం చూసి మాత్రం కాదు. నోటితో చెప్పడానికి ఇబ్బందైతే షీటు ఫోటో తీసి చూపించండి, లేదా కాగితం మీద రాసి ఇవ్వండి. అది చూసి డాక్టర్ నవ్వితే తప్పు ఆయనది, మీది కాదు.

ఇక ఆ మాత్రల గురించి. గర్భనిరోధక మాత్రల్లో ఎక్కువగా ఉండేది ఎథినైల్ ఈస్ట్రడియాల్ అనే కృత్రిమ ఈస్ట్రోజెన్. శరీరం సహజంగా తయారుచేసే ఈస్ట్రడియాల్, ఇదీ ఒకటి కావు. ఇది కాలేయంలో త్వరగా కరిగిపోదు, పైగా రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లను ఎక్కువగా తయారుచేయిస్తుంది. 1960లలో ఈ మాత్రలు కొత్తగా వచ్చినప్పుడు వాటిలో ఈస్ట్రోజెన్ మోతాదు చాలా ఎక్కువ. గడ్డల ముప్పు బయటపడ్డాక తగ్గిస్తూ వచ్చారు. ఇప్పుడు చాలా రకాల్లో 20 నుంచి 35 మైక్రోగ్రాములే ఉంటుంది. మీరు రోజుకు రెండు వేసుకుని, తగ్గించిన ఆ మోతాదును మళ్లీ పాత రోజులకు తీసుకెళ్లారు! యూరప్‌లో ఒకప్పుడు ట్రాన్స్ మహిళలకు ఈ మందే ఇచ్చేవారు. గడ్డలు ఎక్కువగా కనిపిస్తుండటంతో మానేశారు. హార్మోన్ వైద్య నిపుణుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 2017 నాటి మార్గదర్శకాలు కూడా దీన్ని వాడొద్దనే చెబుతాయి. ఇప్పుడు డాక్టర్లు ఇచ్చేది ఈస్ట్రడియాల్. గడ్డల భయం ఉన్నవారికి చర్మం మీద అంటించే ప్యాచ్‌లో, జెల్‌లో కూడా దొరుకుతుంది. స్పైరోనోలాక్టోన్ విషయానికొస్తే, అది రక్తంలో పొటాషియం పెంచుతుంది. మితిమీరి పెరిగితే గుండె లయ తప్పుతుంది. ఏడు నెలల్లో ఒక్కసారైనా రక్తపరీక్ష చేయించారా? మెయిల్‌లో ఆ ఊసే లేదు, చేయించి ఉండరు.

గొంతు మారలేదని డోసు పెంచే ఆలోచనలో ఉన్నారు. పెంచినా మారదు. యుక్తవయసులో టెస్టోస్టెరోన్ అనే మగ హార్మోన్ వల్ల స్వరపేటిక పెరిగి, స్వరతంత్రులు మందమవుతాయి. ఆ తర్వాత ఎంత ఈస్ట్రోజెన్ ఇచ్చినా అవి వెనక్కి పోవు. గడ్డం వెంట్రుకలూ అంతే. గొంతుకు స్పీచ్ థెరపిస్టుతో సాధన చేయాలి, అది నిజంగానే పనిచేస్తుంది. ఛాతీలో వచ్చిన మార్పు మందు ఆపినా పూర్తిగా పోకపోవచ్చు. వీర్యకణాలు తగ్గి ఉండొచ్చు కూడా. ఎప్పటికైనా సొంత పిల్లలు కావాలనే ఆశ ఉంటే వీర్యం భద్రపరచుకోవడం గురించి ఇప్పుడే అడగండి. మామూలుగా ఈ మాట మొదటి మాత్రకు ముందే మాట్లాడాల్సింది. ఆన్‌లైన్ పరిచయస్తులు ఇవేవీ చెప్పరు.

ఇప్పుడు మీ మిగతా ప్రశ్నలు. అమ్మాయిలు నచ్చితే ట్రాన్స్‌జెండర్ కానట్టా అన్నారు. నేను ఎవరిని అన్నది ఒకటి, నాకు ఎవరు నచ్చుతారు అన్నది ఇంకొకటి. ఒకటి చూసి రెండోది చెప్పలేం. ట్రాన్స్ మహిళల్లో పురుషులు నచ్చేవారున్నారు, స్త్రీలు నచ్చేవారున్నారు, ఇద్దరూ నచ్చేవారు, ఎవరూ నచ్చనివారు కూడా ఉన్నారు. ఈ గందరగోళంలో మా వాళ్ల తప్పు కూడా ఉంది. వెనకటి రోజుల్లో కొన్ని క్లినిక్‌లు 'మగవాళ్లంటే ఇష్టమా' అని అడిగి, కాదంటే చికిత్స నిరాకరించేవి. దాంతో వచ్చినవాళ్లంతా డాక్టర్ వినాలనుకున్న కథే అప్పజెప్పడం మొదలుపెట్టారు. దాచడం ఒక రకంగా డాక్టర్లే నేర్పారు. ఇప్పుడు మీరు మాత్రలు దాస్తే కోప్పడుతున్నాను, అది వేరే సంగతి.

అక్కల మధ్య పెరగడానికీ దీనికీ సంబంధం లేదు. అక్కచెల్లెళ్ల మధ్య పెరిగిన అబ్బాయిలు కోట్లలో ఉన్నారు కదా. పెంపకమే అన్నీ నిర్ణయిస్తుందని నమ్మిన రోజుల్లో జరిగిన ఒక కేసు చెబుతాను. 1965లో కెనడాలో పుట్టిన డేవిడ్ రైమర్‌కు పసితనంలో సున్తీ చేస్తుండగా పురుషాంగం పూర్తిగా దెబ్బతింది. మనస్తత్వవేత్త జాన్ మనీ సలహాతో అతణ్ని ఆడపిల్లగా పెంచారు. పేరు మార్చారు, బట్టలు మార్చారు, హార్మోన్లూ ఇచ్చారు. ఆ పిల్లాడు ఏనాడూ అందులో ఇమడలేదు. టీనేజిలో నిజం తెలిశాక మగవాడిగానే బతికాడు. ఒక్క కేసుతో సిద్ధాంతం కట్టకూడదనుకోండి. కానీ అంత గట్టిగా పూనుకుని పెంచితేనే మారనిది, అక్కలతో ఆడుకుంటే మారుతుందా? అసలు కారణం ఏమిటంటే, ఒక్కటని వేలు పెట్టి చూపించలేం. జన్యువులు, పుట్టకముందు హార్మోన్ల ప్రభావం, ఇలా పలు కోణాల్లో పరిశోధన సాగుతోంది.

ఇది జబ్బా అంటే, కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణ జాబితా ఐసీడీ-11లో దీన్ని మానసిక రుగ్మతల జాబితాలోంచి తీసి, లైంగిక ఆరోగ్యానికి సంబంధించిన విభాగంలో పెట్టింది. దానివల్ల కలిగే బాధను, టెన్షన్‌ను జెండర్ డిస్ఫోరియా అంటారు. చికిత్స ఆ బాధకు, మీరు ఎవరన్న దానికి కాదు. కౌన్సెలింగ్‌తో 'మార్చేస్తాం' అనేవాళ్ల దగ్గరకు పోవద్దు. మారదు సరికదా, డిప్రెషన్ ముదురుతుంది. అయినా సైకియాట్రిస్టును కలవమనే అంటాను. రెండు కారణాలు. మీరు ట్రాన్స్‌జెండరా కాదా అన్నది మెయిల్ చదివి నేను చెప్పకూడదు, తీరిగ్గా కూర్చుని మీరు, వారు కలిసి తేల్చుకోవాల్సిన విషయం. రెండోది, బతుకు మీద విసుగు అని ఒక్క వాక్యం రాసి దాటేశారు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా? వస్తుంటే ఈ రోజు కాలు చూపించడానికి వెళ్లినప్పుడే అదీ చెప్పండి. ఇంట్లో కాకపోతే నమ్మకమైన స్నేహితులకైనా చెప్పి, వారిని వెంట తీసుకెళ్లండి.

కాలు కుదుటపడ్డాక ఎండోక్రైనాలజిస్టును, అంటే హార్మోన్ల డాక్టర్‌ను కలవండి. స్కాన్‌లో గడ్డ ఉందని తేలితే హార్మోన్ దారి మూసుకుపోయిందని కుంగిపోవద్దు. ఎప్పుడు, ఏ రూపంలో, ఎంత అన్నది రక్త వ్యాధుల నిపుణులతో కలిసి నిర్ణయిస్తారు. సిగరెట్లు మానేశారా అని మాత్రం అందరూ అడుగుతారు. హార్మోన్లు మొదలుపెడితే తొలి ఏడాది మూడు నెలలకోసారి రక్తపరీక్షలు ఉంటాయి, విసుక్కోకండి.

స్కాన్ రిపోర్టు వచ్చాక మళ్లీ రాయండి. ఈసారి కాలు సంగతి మొదటి వాక్యంలో రాయండి.