ముందు నిద్ర సంగతి అడుగు

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

వాతావరణ మార్పు మనిషి ఒంటికి చేసే చేటు గురించి విశాఖ పెదజాలరిపేటలో చేపలమ్మే ఆడవాళ్లకు చెప్పే పని నీకు అప్పగించారని విని ఎంతో సంతోషించాను. ఆరోగ్య కార్యకర్తగా ఆ వీధులన్నీ తిరిగినదాన్ని కనుక నాలుగు మాటలు రాస్తున్నాను.

ధ్రువాల మంచుతో మొదలుపెట్టకు. "రాత్రి నిద్ర పడుతోందా?" అని అడుగు. రేకుల ఇంట్లో తెల్లవార్లూ పిల్లలకు విసురుతూ కూర్చున్న తల్లి ఆ తర్వాత నిన్ను మాట్లాడనివ్వదు. విను. పగలంతా కాగిన ఒళ్లు రాత్రి కూడా చల్లబడకపోతే గుండెకు తెరిపి ఉండదని అప్పుడు చెప్పు.

"విజయవాడలో 44 డిగ్రీలు, మనకు 36 కదా!" అనే ధీమా మన విశాఖలో బాగా పాతుకుపోయింది. దాన్ని కదిలించాలి. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది; సముద్రపు తేమ నిండిన గాలిలో అది ఆరదు. ఒకామె ముంజేతులు రెండూ తడిపి, ఒకదానికి ప్లాస్టిక్ కవరు చుట్టి, రెండింటికీ విసరు. ఏది చల్లబడిందో ఆమెనే చెప్పమను. ఉక్కపోత ఎందుకు ప్రమాదమో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

ఎండలో పనిచేస్తున్న మనిషి తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా వడదెబ్బేనని అనుమానించాలి. 108కి ఫోను చేసి, నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసరాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదని గట్టిగా చెప్పు.

"మధ్యాహ్నం బయటికి వెళ్లకండి" అని మాత్రం అనకు. చేపల గంప దించితే ఆ పూట గడవదు. అమ్మేచోట నీడ, తాగునీరు కావాలని వార్డు సచివాలయంలో అర్జీ పెట్టించు, నువ్వూ వెంట వెళ్లు.

డెంగీ గురించి అడుగుతారు. వెచ్చదనం పెరిగితే దోమలో వైరస్ త్వరగా ఎదుగుతుంది. అంతమాత్రాన ప్రతి జ్వరాన్నీ వాతావరణానికి అంటగట్టకు. ఒక్క అతిశయోక్తి దొరికితే నిజాలను కూడా నమ్మరు. నీళ్ల డ్రమ్ములను వారానికోసారి వంపి, లోపలి గోడలు తోమమను. గుడ్లు అక్కడే అంటుకుని ఉంటాయి, ఎండినా నెలల తరబడి చావవు.

కారణం అడిగితే దాచకు. బొగ్గు, పెట్రోలు మండించగా వచ్చే వాయువులు వేడిని పట్టి ఉంచుతున్నాయి, 1850ల నాటికంటే భూమి ఇప్పటికే ఒక డిగ్రీకి పైగా వేడెక్కింది. అందులో వాళ్ల వాటా అతి స్వల్పమని కూడా చెప్పు.

మొదటి సమావేశం మార్చిలోనే పెట్టు. చేపల బేరాలు ముగిశాక పిలువు, లేకపోతే ఎవరూ రారు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ