ఆపరేషన్ కుట్లకి ఇన్ఫెక్షన్ రాకుండా నర్సులు ఏం చేస్తారు?

నర్సు పని అంటే డ్రెస్సింగ్ మార్చడమే అనుకుంటారు చాలామంది, కానీ అసలు పని ఆపరేషన్‌కి ముందే మొదలవుతుంది. స్నానం చేయించడం, కోత పెట్టే చోట వెంట్రుకలు తీయాల్సి వస్తే రేజర్ కాకుండా క్లిప్పర్ (చర్మాన్ని గీకకుండా వెంట్రుకల్ని కత్తిరించే మెషిన్) వాడటం (రేజర్‌తో కంటికి కనపడని గీతలు పడి అందులో బ్యాక్టీరియా చేరుతుంది), యాంటీబయాటిక్ ఇంజెక్షన్ కోతకి ముందే, మామూలుగా గంటలోపు, పడిందో లేదో చూసుకోవడం, థియేటర్‌లో పేషెంట్ ఒళ్ళు చల్లబడకుండా చూడటం, ఇవన్నీ.

వార్డులోకి వచ్చాక మాత్రం నన్నడిగితే అన్నిటికన్నా పెద్ద విషయం చేతులే. డ్రెస్సింగ్ ముట్టుకునే ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి హ్యాండ్ రబ్‌తో (ఆల్కహాల్ ఉన్న శానిటైజర్) 20-30 సెకన్లు రుద్దుకోవాలి, గ్లోవ్స్ ఉన్నాయి కదా అని వదిలేస్తే కుదరదు. డ్రెస్సింగ్ పొడిగా శుభ్రంగా ఉంటే మొదటి 48 గంటలు ఊరికే విప్పరు, మనవాళ్ళు "ఒకసారి చూపించండి సిస్టర్" అని ఎంత అడిగినా సరే. విప్పినప్పుడు చుట్టూ ఎర్రబడిందా, ముట్టుకుంటే వేడిగా ఉందా, చీము వాసన వస్తోందా అని ముందు గమనించి డాక్టర్‌కి చెప్పేది కూడా ఎక్కువగా నర్సులే.

ఇంటికి పంపేటప్పుడు చెప్పే జాగ్రత్తలు గట్టిగా వినండి, ఇన్ఫెక్షన్ 30 రోజుల్లోపు ఎప్పుడైనా బయటపడొచ్చు, లోపల ఇంప్లాంట్ (ప్లేటు, కృత్రిమ కీలు లాంటివి) పెట్టి ఉంటే 90 రోజుల దాకా కూడా.