జపాన్ వెళ్తున్న మేనకోడలికి

చి. అమ్మలూ,

నవంబరులో పదిహేను రోజులు జపాన్ వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అందులో రెండు రాత్రులు కనజావాలో నీ ఆఫీసు స్నేహితురాలి అమ్మానాన్నల ఇంట్లో ఉంటావట కదా. టికెట్లూ హోటళ్లూ నువ్వు నాకంటే బాగానే చూసుకుంటావు. నా బెంగంతా ఆ రెండు రాత్రుల గురించే. అందుకే ఈ ఉత్తరం.

1997లో కంపెనీ ట్రైనింగ్ మీద ఆరు నెలలు నగోయాలో ఉన్నాను. ఒక శనివారం మా సెక్షన్ పెద్దాయన ఇంటికి పిలిచి రాత్రికి అక్కడే ఉండమన్నాడు. భోజనమయ్యాక "ముందు మీరు స్నానం చేయండి" అన్నారు. మొదటి స్నానం అతిథిది, అది వాళ్ల మర్యాద. లోపల లోతైన తొట్టి, దాని నిండా పొగలు కక్కుతున్న నీళ్లు, పైన మూత. పక్కన చిన్న స్టూలు, షవరు. స్టూలు మీద కూర్చుని సబ్బు పెట్టి శుభ్రంగా కడుక్కుని, ఆ తర్వాతే తొట్టిలోకి దిగాను. అంతవరకు ట్రైనింగ్‌లో చెప్పారు కాబట్టి సరిగ్గానే చేశాను. బయటికి వచ్చేటప్పుడే పాడు బుర్ర పనిచేసింది. మనం మునిగిన నీళ్లు ఇంకొకరికి ఎలా వదిలిపెడతాం అనిపించి, గొలుసు పట్టుకుని అడుగున ఉన్న బిరడా లాగేశాను. తొట్టి తళతళలాడేలా కడిగి, మూత కూడా పెట్టి మరీ వచ్చాను.

పక్క మీద పడుకున్నాక గోడ అవతల నీళ్లు పడుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. ఆయన, భార్య, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి, ఇంటిల్లిపాదీ వరసగా ఆ నీళ్లలోనే దిగాలి. అందుకే కదా ఒళ్లు బయటే కడుక్కోవడం! పొద్దున్న ఒక్కరు కూడా ఆ ఊసెత్తలేదు. నవ్వుతూ టిఫిన్ పెట్టి, స్టేషన్ దాకా దింపి, రైలు కదిలేదాకా నిలబడ్డారు. మూడు వారాల తర్వాత ఒక సీనియర్ చెబితే తెలిసింది నేను చేసిన నిర్వాకం. సిగ్గుతో చచ్చిపోయాననుకో. కాబట్టి అమ్మలూ, బిరడా జోలికి వెళ్లకు. మూత పెట్టి వచ్చెయ్, చాలు.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, మన ఇళ్లలో మర్యాదంతా నోటితో. "అయ్యో, ఏమీ తినలేదు" అంటూ, విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ల సందులోంచి వడ్డించేస్తాం. అక్కడ మర్యాద కళ్లతో. నీకు చలేస్తోందని నువ్వు చెప్పకముందే దుప్పటి వస్తుంది. నువ్వు గుమ్మంలో విడిచిన చెప్పులు, వెళ్లేటప్పటికి ముందుకు తిరిగి, కాలు పెట్టుకోవడానికి వీలుగా ఉంటాయి. ఎవరు తిప్పారో నీకు కనబడదు. అలా చూసి కనిపెట్టే వాళ్లకి, కళ్లకి కనబడనిది మాత్రం మనమే ముందు చెప్పాలి. అక్కడికి వెళ్లాక చెబితే లాభం లేదు.

తిండి సంగతి అలాంటిదే. నువ్వు శాకాహారివని ఈ వారమే నీ స్నేహితురాలికి చెప్పు. "వెజిటేరియన్" అంటే సరిపోదు. వాళ్ల వంటకి ప్రాణం దాషి అనే రసం. చాలామటుకు ఎండబెట్టిన చేప తురుముతో చేస్తారు. మీసో అనే సోయా ముద్దతో చేసే సూప్‌లో, ఉడికించిన కూరల్లో, నూడుల్స్ పులుసులో, అన్నింట్లో ఉంటుంది. చేప ముక్క కనబడదు కాబట్టి వాళ్ల లెక్కలో అది కూరగాయల వంటే. "నికు, సకానా, కత్సుఒ దాషి తబేరారెమాసెన్" అని చెప్పు. మాంసం, చేప, చేప రసం తినలేను అని. కొంబు అనే సముద్రపు నాచుతో చేసే దాషి కూడా ఉంది, అది నీకు పనికొస్తుంది. ఈ మాట ముందు చెబితే ఆ ఇల్లాలు సంతోషంగా చేస్తుంది. ఆవిడ రెండు రోజులు కష్టపడి వండిన టేబుల్ ముందు కూర్చుని చెప్పావనుకో, ఆవిడకి తలకొట్టేసినట్టు ఉంటుంది. మీ అత్తతో వెళ్లినప్పుడు సరిగ్గా అదే చేశాం. పదిహేను గిన్నెల ముందు అన్నమూ ఊరగాయ ముల్లంగీ తిని లేచాం. వండిన ఇల్లాలి మొహం ఇప్పటికీ గుర్తుంది.

బయట తిరిగేటప్పుడు పస్తుండక్కర్లేదు. సెవెన్ ఇలెవెన్, లాసన్ లాంటి దుకాణాల్లో ఒనిగిరి దొరుకుతుంది. అన్నం ముద్ద, చుట్టూ నాచు పొర. ఉమెబోషి ఉన్నది అడుగు. లోపల ఉప్పులో ఊరిన పుల్లటి పండు ఉంటుంది. మన ఊరగాయన్నం తిన్నట్టే ఉంటుందని మీ అత్త రోజుకి రెండు లాగించింది.

గుమ్మం దగ్గర గెంకాన్ అని పల్లపు చోటు ఉంటుంది. చెప్పులు అక్కడే విడిచి గట్టెక్కాలి. మనకిది కొత్త కాదు. కొత్తదేమిటంటే లోపల తిరగడానికి ఒక జత స్లిప్పర్లు, టాయిలెట్‌కి ఇంకో జత. చాప గదిలోకి అసలు ఏవీ వద్దు. టాయిలెట్ జత వేసుకుని హాల్లోకి వచ్చి కూర్చోని వాడు నాకింకా తగల్లేదు, నాతో కలిపి. చాప్‌స్టిక్స్ అన్నంలో నిలువునా గుచ్చకు, చాప్‌స్టిక్స్ నుంచి చాప్‌స్టిక్స్‌కి ముక్క అందించకు. మొదటిది చనిపోయినవాళ్లకి పెట్టే పిండం తీరు, రెండోది అస్థికలు ఏరే పద్ధతి. మిగతా తప్పులకి నవ్వుతారు, వీటికి నవ్వరు.

గ్లాసు ఖాళీ అయితే నింపుతారు. మళ్లీ తాగితే మళ్లీ నింపుతారు. చాలు అనుకుంటే నిండుగా వదిలెయ్, గొడవ లేదు. నువ్వు పక్కవాళ్ల గ్లాసు చూసి నింపితే ఆ ఇంటివాళ్లకి ఎక్కడలేని ఆనందం.

వాళ్లు కాదనడం కూడా కనిపెట్టుకోవాల్సిందే. "చొత్తో..." అని సాగదీసి ఆగిపోయారంటే అది కుదరదని. "ఏం పర్లేదు, చెప్పండి" అని మనలా పట్టుబట్టకు. టిప్పు ఇవ్వొద్దు. ఓ హోటల్లో చిల్లర వదిలేసి వస్తే, ఆ పిల్లాడు వానలో వీధి చివరి దాకా పరిగెత్తుకొచ్చి చేతిలో పెట్టి, పైగా వాడే వంగి దండం పెట్టాడు.

వాన అంటే గుర్తొచ్చింది. కనజావాలో "అన్నం డబ్బా మర్చిపోయినా గొడుగు మర్చిపోకు" అని సామెతే ఉంది. నవంబరు మొదట్నుంచి కెన్రొకుఎన్ తోటలో పైన్ చెట్లకి మంచు బరువుకి కొమ్మలు విరక్కుండా తాళ్లు కడతారు. స్తంభం మీద నుంచి గొడుగు ఊచల్లా దిగుతాయి ఆ తాళ్లు. పొద్దున్నే వెళ్లి చూడు. చెట్టుకి కూడా అడక్కముందే అందిస్తారు వీళ్లు అనిపించింది నాకు.

ఒసాకా వైపు వెళ్తే ఒక రాత్రి కోయసాన్ కొండ మీద గుడి సత్రంలో ఉండు. యాభైకి పైగా గుళ్లు బస ఇస్తాయి. ఒసాకాలోని నంబా స్టేషన్ నుంచి రైలు, ఆఖర్న కేబుల్ కారు. అక్కడ వండేదంతా శాకాహారమే, దాషి బెంగ లేదు. నువ్వుల పాలతో చేసిన తోఫు మాత్రం వదలకు. ఆ కొండ మీద మఠం పెట్టిన కూకై అనే బౌద్ధ గురువు 835లో సమాధిలోకి వెళ్లాడు. చనిపోలేదు, ధ్యానంలో ఉన్నాడని వాళ్ల నమ్మకం. మన మంత్రాలయం రాఘవేంద్రస్వామి లాగే. రోజుకి రెండుసార్లు భోజనం మోసుకెళ్తారు ఆయనకి. మేం దిగిన సత్రంలో ముసలి పూజారి మాది ఏ ఊరని అడిగితే నాగార్జునకొండ ఉన్న రాష్ట్రమని చెప్పాను. "ర్యూమ్యో!" అని చేతులు జోడించాడు. నాగార్జునుడికి వాళ్ల శాఖలో ఆ పేరు. దక్షిణ దేశంలో ఇనుప స్తూపం తెరిచి మంత్రశాస్త్రాలు బయటికి తెచ్చింది ఆయనేనట. మర్నాడు పొద్దున్న ప్రార్థనకి మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. ఎవరి పుణ్యమో మన ఖాతాలో పడింది.

ఇక చేతిలో పట్టుకెళ్లేవి. చికెన్ పచ్చడి, కరివేపాకు, మామిడికాయలు పెట్టకు. ఎయిర్‌పోర్టులోనే తీసేసుకుంటారు. ఆ ఇంటికి పూతరేకులు తీసుకెళ్లు. బియ్యంతో కాగితమంత పల్చటి పొర అంటే వాళ్లకి ప్రాణం లేచొస్తుంది. దేనికదే విడిగా చుట్టించు, వాళ్లు ఇరుగుపొరుగుకి పంచుకోవడానికి వీలవుతుంది. రెండు చేతులతో ఇవ్వు, ఏదో పత్రం పుష్పం అన్నట్టు తగ్గించి చెప్పు. నీ ఎదురుగా విప్పకపోతే చిన్నబుచ్చుకోకు. తిరిగొచ్చిన వారంలోపు నీ చేత్తో రాసిన కార్డు, అక్కడ తీసిన ఫోటో ఒకటి పోస్టులో పంపు. వాట్సాప్‌లో దండం బొమ్మ పెట్టి ఊరుకుంటే ఒప్పుకోను.

పూతరేకులకి నేనే ఆత్రేయపురం వెళ్తాను, మనకి పాతికేళ్లుగా తెలిసిన చెయ్యి ఉంది. ఎన్ని డబ్బాలు కావాలో ఆదివారంలోపు చెప్పు. మూడంటావో అయిదంటావో నీ ఇష్టం. నాలుగు మాత్రం వద్దు, వాళ్ల భాషలో ఆ అంకె చావు మాటలా వినబడుతుంది.

ఆశీస్సులతో,
మీ మామయ్య,
రాజమండ్రి