కుండీ కింద ఉండలా చుట్టుకునే పురుగులకు మందు కొట్టాలా?

కడపలో మీ మిద్దె మీద గులాబీ కుండీలు ఎత్తితే అడుగున బూడిదరంగు పురుగులు గుంపుగా ఉన్నాయని, ముట్టుకుంటే ఉండలా చుట్టుకుంటున్నాయని, మందు కొట్టాలా అని అడిగారు. దయచేసి కొట్టకండి. అనంతపురంలో నేను కొట్టి నష్టపోయాను.

అవి అసలు పురుగులే కావు. పిల్ బగ్స్ అంటారు. రొయ్యలకు, ఎండ్రకాయలకు చుట్టాలు, నేల మీద స్థిరపడ్డ జాతి. ఒకదాన్ని అరచేతిలో వెల్లకిలా వేసి చూడండి. ఏడు జతల కాళ్లు ఉంటాయి. రోకలిబండ పురుగుకైతే లెక్కపెట్టలేనన్ని. కాళ్ల వెనక, తోక వైపు పల్చటి రేకులు కనిపిస్తాయి. ఊపిరి వాటితోనే. ఆ రేకులు ఆరిపోతే ప్రాణం పోతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే మా ఊళ్లో అవి తడి కుండీ కింద కాక ఇంకెక్కడ బతుకుతాయి?

మూడేళ్ల కిందట తేమ నిలుస్తుందని కుండీల్లో శెనక్కాయ పొట్టు పరిచాను. వానలు మొదలయ్యాక పొట్టు కదిలిస్తే ఇవే. టెన్షన్ పడి పురుగుమందు చల్లాను. ఇవి పోయాయి, వానపాములూ పోయాయి. ఆ పొట్టు నెలల తరబడి అట్టకట్టి అట్లాగే పడి ఉంది. ఎండుటాకులు, కుళ్లిన చెక్క, పొట్టు తిని మట్టిలో కలిపేది ఇవేనని అప్పుడు తెలిసింది.

మరుసటి ఏడు మళ్లీ వచ్చాయి. ఈసారి పక్కన కూర్చుని చూశాను. ఒకటి సగం బూడిదగా, సగం తెల్లగా ఉంది. జబ్బేమో అనుకున్నా. కాదు, కుబుసం విడుస్తోంది. మొదట వెనక సగం, కొద్ది రోజులకు ముందు సగం. ఇంకోదాని పొట్ట కింద సంచిలో పాలరంగు పిల్లలు కదులుతున్నాయి. గుడ్లు పొదిగేదీ ఆ సంచి తడిలోనే.

బీచ్‌లో ఇసుక మీద ఎగిరేవి ఇవేనా అని మీ తమ్ముడు అడిగాడన్నారు. కాదు. అవీ రొయ్యల బంధువులే, కానీ వాటి ఒళ్లు పక్కల నుంచి నొక్కినట్టు ఉంటుంది, తోకతో తన్ని ఎగురుతాయి. ఇవి ఎగరలేవు.

ఒక్క జాగ్రత్త. తేమ మరీ ఎక్కువైతే లేత మొలకల్ని కొరుకుతాయి. నా చిక్కుడు మొలకలు రెండు అట్లాగే పోయాయి. అలాంటప్పుడు సాయంత్రం బొప్పాయి తొక్క మట్టి మీద బోర్లించండి. తెల్లారేసరికి దాని కింద చేరతాయి. తొక్కతో సహా ఎత్తి ఎరువు గుంతలో వేయండి. నీళ్లు పొద్దున్నే పోస్తే రాత్రికి పైమట్టి ఆరుతుంది.