చిలికాలో మీరు చూసినది డాల్ఫినే

ప్రశ్న: ఒడిశాలోని చిలికా సరస్సులో, సాతపడా దగ్గర గంటకు పైగా పడవలో తిరిగాము. పడవ నడిపే ఆయన డాల్ఫిన్ అని చూపించేసరికి బూడిదరంగు వీపు ఒక్క క్షణం కనిపించి మునిగిపోయింది. టీవీలో చూసినట్టు ఎగరలేదు. అది నిజంగా డాల్ఫినేనా? ఏం తింటుంది? మన తీరంతో దానికేమైనా సంబంధం ఉందా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: మీరు చూసినది ఇరావాడీ డాల్ఫిన్. దీనికి పొడవాటి ముక్కు ఉండదు; తల గుండ్రంగా, వీపు మీది రెక్క చిన్నదిగా ఉంటుంది. ఊపిరి కోసం మెల్లగా పైకి తేలి వెంటనే మునుగుతుంది, అరుదుగా తప్ప ఎగరదు. కాబట్టి మీకు కనిపించిన ఆ ఒక్క క్షణం దాని సహజ స్వభావమే తప్ప మీ దురదృష్టం కాదు.

బంగాళాఖాతం నుంచి ఆగ్నేయాసియా దాకా తీరం వెంబడి, నదీముఖాలలో, ఉప్పునీరు మంచినీరు కలిసే చోట్ల ఇవి బతుకుతాయి. మయన్మార్‌లోని ఐరావతి, కంబోడియాలోని మెకాంగ్, ఇండోనేషియాలోని మహాకం నదులలోనైతే సముద్రానికి చాలా దూరంలో, పూర్తిగా మంచినీటిలోనే ఉంటాయి. చేపలు, రొయ్యలు, స్క్విడ్లు వీటి ఆహారం. రెండు నుంచి ఆరు దాకా కలిసి తిరుగుతూ, కొన్నిసార్లు నోటితో నీటిని చిమ్మి చేపలను ఒకచోటికి తరుముతాయి. నాకు అన్నిటికంటే అద్భుతంగా తోచేది ఐరావతి నదిలోని ఆచారం: జాలరులు పడవ అంచు మీద కర్రతో తట్టి పిలిస్తే డాల్ఫిన్లు వచ్చి చేపల గుంపును పడవ వైపు తోలుకొస్తాయి, జాలరులు విసురు వల వేస్తారు, వల చుట్టూ చెదిరిన చేపలు డాల్ఫిన్లకు దక్కుతాయి. శిక్షణ ఎవరూ ఇవ్వకుండానే అడవి జంతువుకూ మనిషికీ మధ్య ఇంతటి ఒప్పందం కుదరడం చాలా అరుదు.

అయితే అదే వల వీటి ప్రాణం తీస్తోంది. నీటిలో నిలువుగా కట్టి వదిలేసిన వలలో చిక్కుకున్న డాల్ఫిన్, చేప కాదు కనుక, పైకి రాలేక ఊపిరాడక చనిపోతుంది. 2017 నుంచి ఈ జాతి అంతర్జాతీయంగా అంతరించే ప్రమాదమున్న జాబితాలో ఉంది. చిలికాలో వేగంగా వెంటాడే మోటారు పడవలూ వీటికి హాని చేస్తాయి. మళ్లీ వెళ్లినప్పుడు ఇంజను ఆపించి, దూరంగా నిలబడి చూడండి.

ఇక మన తీరం సంగతి. ఈ జాతిని శాస్త్రలోకానికి తొలిసారి వర్ణించి చెప్పినది 1866లో, ఇంగ్లండుకు చెందిన రిచర్డ్ ఓవెన్. ఆ వర్ణనకు ఆధారమైన డాల్ఫిన్ 1852లో దొరికినది మన విశాఖపట్నం రేవులోనే.