అమెరికాలో తొలిసారి జింకల వేటకు వెళ్ళేవారు ముందుగా ఏమి తెలుసుకోవాలి?

ప్రశ్న అడిగినవారు విజయవాడ నుంచి ఉద్యోగం మీద విస్కాన్సిన్ రాష్ట్రానికి వెళ్ళానని, అక్కడి సహోద్యోగి ఒకరు నవంబరులో తన పొలానికి జింకల వేటకు రమ్మన్నారని, రెండు నెలల్లో తుపాకీ కాల్చడం వస్తుందా అని రాశారు. నాది గుంటూరు. అదే రాష్ట్రంలో ఆరేళ్ళు పనిచేసి తిరిగివచ్చి ఇప్పుడు బ్రాడీపేటలో ఉంటున్నాను. 2014 నవంబరులో, సరిగ్గా మీలాగే, ఒక సహోద్యోగి పిలుపు మీద నేను వేటకు వెళ్ళాను. అది చాలా చెడ్డగా ముగిసింది. కాల్చడం రెండు నెలల్లో వస్తుంది. ఎప్పుడు కాల్చకూడదో, కాల్చిన తరువాత ఎంతసేపు కదలకుండా కూర్చోవాలో తెలియకుండా వెళ్ళినందువల్ల ఒక మూగజీవి నా చేతుల్లో పడరాని బాధ పడింది. అందుకే కొంత వివరంగా రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. ఆ రాష్ట్రంలో 1973 జనవరి 1న గాని ఆ తరువాత గాని పుట్టినవారు వేట లైసెన్సు తీసుకోవాలంటే భద్రతా శిక్షణ పూర్తిచేసి ఉండాలి. అనుభవం ఉన్నవారి పక్కనే ఉండి వేటాడేవారికి మాత్రం సడలింపు ఉంది. మనలాంటి వారికి మరో ముఖ్యమైన విషయం ఉంది. తాత్కాలిక వీసా మీద ఉన్న విదేశీయులు తుపాకీ కలిగి ఉండడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం మామూలుగా నిషేధిస్తుంది, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు చేతిలో ఉన్నవారికి అందులో మినహాయింపు ఇస్తుంది. కాబట్టి సాధన కోసం ఎవరి రైఫిలైనా పట్టుకునే ముందే లైసెన్సు తీసుకొని జేబులో పెట్టుకోండి. నడుము పైభాగంలో కనీసం సగమైనా కళ్ళు చెదిరే నారింజ (లేదా మెరిసే గులాబీ) రంగు బట్టలు ఉండాలన్న నియమం తోటి వేటగాళ్ళ నుంచి మీ ప్రాణం కాపాడడానికే. జింక కంటికి నారింజకూ ఆకుపచ్చకూ తేడా తెలియదు కనుక ఆ రంగు వల్ల వేటకు నష్టమేమీ లేదు. జింక మిమ్మల్ని పసిగట్టేది ముక్కుతోను, కదలికతోను.

నేను శిక్షణ తరగతికి వెళ్ళాను, పరీక్ష రాశాను, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నాలుగైదుసార్లు రేంజికి వెళ్ళి వంద గజాల దూరంలోని కాగితం మీద గుండ్లన్నీ అరచేతి వెడల్పులో పడేలా కాల్చగలిగాను. అయితే ఆ సాధనంతా బల్ల ముందు కూర్చొని, రైఫిలు కింద ఇసుక సంచి పెట్టుకొని చేసినదే. చలికి వేళ్ళు కొంకర్లు పోతుండగా, గుండె దడదడలాడుతుండగా, చెట్టు మీది మంచెలో ఒంటి బరువు ఒక పక్కకు వాల్చి ఒక్కసారి కూడా కాల్చి చూడలేదు. అక్కడ వాళ్ళు చెట్టుకు కట్టుకునే ఆ ఆసనం మన జొన్నచేలలో పిట్టలను తోలడానికి వేసే మంచె వంటిదే, కాకపోతే పడిపోకుండా నడుముకూ భుజాలకూ పట్టీలు బిగించుకోవాలి.

అక్కడ తుపాకీతో జింకల వేట థాంక్స్‌గివింగ్ పండుగకు (నవంబరు నాలుగవ గురువారం) ముందు వచ్చే శనివారం మొదలై తొమ్మిది రోజులు సాగుతుంది. ఆ శనివారం తెల్లవారుజామున చీకటిలోనే మంచె ఎక్కాను. ఎనిమిది గంటలు దాటాక ఓక్ చెట్ల మధ్య నుంచి ఒక ఆడజింక, తెల్లతోక జింక, ఆగి ఆగి నడుస్తూ వచ్చింది. దూరం నూట ఇరవై గజాలకు తక్కువ ఉండదు. అది పక్కవాటుగా నిలబడలేదు, నా వైపు ఏటవాలుగా తిరిగి ఉంది. ముందుకాలి భుజం వెనుక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటే గురి పెట్టాలని తరగతిలో పదేపదే చెప్పారు. ఏటవాలుగా ఎదురు తిరిగిన జంతువుకు భుజం వెనుక గురి చూస్తే గుండు ఊపిరితిత్తులకు సరిగా తగలకుండా పొట్టలోకి దూసుకుపోతుందని కూడా చెప్పారు. ఆ క్షణంలో నాకు అవేవీ గుర్తు లేవు. ఇది పోతే మరొకటి రాదేమోనన్న ఆత్రం ఒక్కటే ఉంది. ట్రిగ్గరు నొక్కాను.

జింక పడిపోలేదు. ఎగిరి దూకనూ లేదు. వీపు గూనిలా పైకి వంచి, తోక కిందికి వేలాడేసి, నెమ్మదిగా నడుచుకుంటూ పొదల్లోకి వెళ్ళింది. అది పొట్టలో దెబ్బ తగిలిన జంతువు నడిచే నడక. తెలిసినవారైతే అప్పుడే రైఫిలు పక్కన పెట్టి, అది నిలబడిన చోటునూ కనుమరుగైన చోటునూ గుర్తుపెట్టుకొని, చప్పుడు చేయకుండా దిగి వెనక్కి వెళ్ళిపోయేవారు. నేను ఐదు నిమిషాలైనా ఆగకుండా మంచె దిగి దాని వెంట పడ్డాను.

అది నిలబడిన చోట ఎండుటాకుల మీద ముతక వెంట్రుకలు కొన్ని, ఎరుపు కన్నా ఆకుపచ్చ గోధుమ రంగు ఎక్కువగా ఉన్న జిగట మరక ఒకటి కనిపించాయి. వంగి చూస్తే పులిసిన దాణా వాసన వచ్చింది. ఆ వాసన ఏమి చెబుతున్నదో తెలియక, నెత్తుటి జాడ దొరికిందని సంబరపడి ముందుకు నడిచాను. సుమారు నూట యాభై గజాల దూరంలో గడ్డి గుండ్రంగా అణిగి ఉన్న చోటు ఒకటి కనిపించింది. చెయ్యి పెట్టి చూస్తే నేల ఇంకా వెచ్చగా ఉంది, అంచున ముదురు నెత్తురు పేరుకొని ఉంది. అది అక్కడ పడుకొని, నా అడుగుల చప్పుడు విని అంత బాధలోనూ లేచి పరుగెత్తింది. ఎదురుగా కంచె తీగల అవతల తెల్ల తోక ఒక్కసారి మెరిసి మాయమైంది. ఆ వెచ్చదనం నా అరచేతికి ఇప్పటికీ గుర్తుంది.

నా సహోద్యోగి వచ్చి, మరక చూసి, గడ్డి చూసి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నన్ను కోప్పడలేదు. కంచె అవతలి పొలం మరొకరిది. గాయపడిన జింక కోసమైనా సరే యజమాని అనుమతి లేకుండా ఆ నేల మీద అడుగు పెట్టకూడదు. ఆ యజమాని మధ్యాహ్నం దాకా దొరకలేదు. అనుమతి వచ్చాక చీకటి పడేవరకు వెతికాము. రాత్రి వాన కురిసి ఉన్న కాస్త జాడా కొట్టుకుపోయింది. ఆదివారం పొద్దంతా ఇద్దరమూ వాగు వెంట ముళ్ళపొదల్లో తిరిగాము. సోమవారం సాయంత్రం ఆ పొలం యజమానే ఫోను చేసి, అర మైలు దూరంలో వాగు ఒడ్డున కళేబరం కనిపించిందని, కొయోటీలు (తోడేలు జాతికి చెందిన చిన్న అడవి జంతువులు) చాలా భాగం తినేశాయని చెప్పారు. అప్పట్లో జింకను పట్టుకున్నాక దానికి కట్టవలసిన ట్యాగు, అంటే ఒక్క జింకకు ఇచ్చే అనుమతి చీటీ, నా జేబులోనే ఉంది. దాన్ని మరో జింకకు వాడడానికి మనసు ఒప్పలేదు. ఆ ఏటికి నా వేట అక్కడితో ఆపేశాను.

ఆ రాత్రి గుంటూరులో ఉన్న నాన్నగారికి ఫోనులో చెబితే ఆయన, "చంపడం తప్పా ఒప్పా అన్నది తరువాత మాట్లాడుకుందాం. ముందు అంత తొందర ఎందుకు పడ్డావో చెప్పు" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. దాని వెనుక ఉన్న శరీరధర్మం వివరించినది మా మేనమామ. ఆయన పశుసంవర్ధక శాఖలో పనిచేసి రిటైరై విజయవాడలో ఉంటున్నారు. జింక కూడా గేదె, మేక లాగా నెమరువేసే జంతువని, దాని పొట్టలో నాలుగు గదులుంటాయని, అక్కడ తగిలిన గాయం నుంచి నెత్తురు బయటికి ఎక్కువగా కారదని, పేగుల మీది కొవ్వు పొర వచ్చి రంధ్రాన్ని పూడ్చేయడమూ జరుగుతుందని మామయ్య చెప్పారు. పొట్టలోని మేత, సూక్ష్మజీవులు కడుపు కుహరంలోకి చేరి విషమై, గంటల తరబడి మెల్లగా ప్రాణం తీస్తాయి. "ఎవరూ తరమకపోతే నొప్పితో ఉన్న గొడ్డు దగ్గరలోనే చాటు చూసుకొని పడుకుంటుంది రా, అక్కడి నుంచి లేవదు. తరిమితే ఉన్న ఓపికంతా కాళ్ళలోకి తెచ్చుకుంటుంది" అన్నారు. అంటే ఆ వెచ్చటి గడ్డి పడకే దాని చివరి పడక కావలసింది. నేను వెంటపడకుండా ఉంటే అది అక్కడే పోయేది, నూట యాభై గజాల దూరంలో మాకు దొరికేది.

అనుభవజ్ఞులైన వేటగాళ్ళు పాటించే లెక్క ఇది. నురుగుతో కూడిన లేత ఎరుపు నెత్తురు కనిపిస్తే ఊపిరితిత్తులకు తగిలినట్టు, అరగంట ఆగి వెళ్ళవచ్చు. ముదురు ఎరుపు అయితే కాలేయం కావచ్చు, నాలుగు నుంచి ఆరు గంటలు ఆగాలి. ఆకుపచ్చ మరక, దుర్వాసన ఉంటే పొట్ట లేదా పేగులు, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఆ దరిదాపులకు వెళ్ళకూడదు. మాంసం పాడవుతుందన్న భయం సహజమే, మన గుంటూరు ఎండలో అయితే పాడవుతుంది కూడా, కాని అక్కడ నవంబరు రాత్రులు గడ్డకట్టే చలికి దగ్గరగా ఉంటాయి. తాడు కట్టిన కుక్కతో జాడ తీయడాన్ని కొన్ని రాష్ట్రాలు అనుమతిస్తాయి, ఆ సంగతి కూడా ముందే కనుక్కోవడం మంచిది.

మరుసటి ఏడు మోకాళ్ళ మీద, ఎత్తు మీద కూర్చొని సాధన చేశాను. ఎనభై గజాలు దాటితే కాల్చకూడదని నిర్ణయించుకొని రెండు జింకలను వదిలేశాను. మూడవది పక్కవాటుగా నిలబడింది. కాల్చాక గడియారం చూసుకొని అరగంట కదలకుండా కూర్చున్నాను. అరవై గజాలలో దొరికింది. మాంసం తినే ముందు పరీక్షకు కూడా పంపించాము, ఎందుకంటే జింకల మెదడును తొలిచే దీర్ఘకాలిక క్షీణత వ్యాధి 2002లోనే ఆ రాష్ట్రంలో బయటపడింది.

ఇది చదివే మన ఊళ్ళవారికి ఒక మాట. అక్కడ ప్రభుత్వం సంఖ్యను లెక్కించి, అనుమతులిచ్చి నడిపే వేట ఇది. ఇక్కడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నల్లమలలోని దుప్పిని గాని, మన రాష్ట్ర జంతువైన కృష్ణజింకను గాని వేటాడడం జైలుశిక్షకు తగిన నేరం, ఆ మాంసం కొనడమూ నేరమే.

మీ విషయానికి వస్తే, వెళ్ళే ముందు మీ సహోద్యోగిని తప్పకుండా అడగండి: ఆయన పొలం చుట్టూ ఎవరెవరి నేలలు ఉన్నాయో, జింక కంచె దాటితే వెళ్ళి వెతకడానికి వాళ్ళ అనుమతి ఇప్పుడే తీసుకొని ఉంచగలరా అని.